రోహిణి కార్తెలో రోళ్లు పగిలే చోట స్లాబుకు కదిలే సందేదీ?

విజయవాడ, గుంటూరుల్లో అపార్ట్‌మెంట్లు కడుతున్న బిల్డర్లకు, సైట్ ఇంజినీర్లకు, మేస్త్రీలకు, ఆ ఇళ్లను చూసుకుంటున్న అపార్ట్‌మెంట్ సంఘాల వారికి నమస్కారం.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. రోలు మందపాటి రాయి. ఎండకు దాని పైపొర కాలిపోతుంది, లోపల మాత్రం ఇంకా చల్లగానే ఉంటుంది. పైపొర సాగబోతుంది, లోపలి రాయి సాగనివ్వదు. సాయంత్రం గాలివాన వచ్చి నాలుగు చినుకులు పడగానే పైపొర ఒక్కసారిగా ముడుచుకోబోతుంది. ఈసారి లోపల ఉన్న వేడి రాయి దాన్ని ముడుచుకోనివ్వదు. రాయి నొక్కుడును ఎంతైనా ఓర్చుకుంటుంది గానీ లాగుడును ఓర్చుకోలేదు. అందుకే పగులుతుంది. ఈ విషయంలో కాంక్రీటు గుణమూ రాయి గుణమే.

కొత్త అపార్ట్‌మెంట్ ఒక్క వేసవి చూసేసరికి పై అంతస్తులో, స్లాబు కిందుగా, గోడ పొడవునా సన్నటి అడ్డగీత కనిపిస్తుంది. మూలల దగ్గర అది ఏటవాలుగా కిందికి దిగుతుంది. కొన్నవాళ్లు సిమెంటు తక్కువ వేశారంటారు. కట్టినవాళ్లు బిల్డింగు సర్దుకుంటోందంటారు. మేస్త్రీ వచ్చి పుట్టీ పెట్టి రంగేసి వెళ్తాడు. మళ్లీ ఏడాదికి అదే చోట అదే గీత. చాలాసార్లు తప్పు సిమెంటులోనూ ఉండదు, పునాదిలోనూ ఉండదు. స్లాబు కదిలింది, దానికి కదిలే సందు ఎవరూ వదల్లేదు. ఆ సందు గురించే మీకు ఈ లేఖ రాస్తున్నాం.

లెక్క చూడండి. డిగ్రీ వేడి పెరిగితే మీటరు కాంక్రీటు సుమారు 0.01 మిల్లీమీటరు సాగుతుంది. మన ఎర్ర ఇటుక గోడ అందులో సగం, సగం కంటే కాస్త ఎక్కువ సాగుతుంది. 20 మీటర్ల పొడవున్న పై స్లాబు తీసుకోండి. చలికాలం తెల్లవారుజామున అది 20 డిగ్రీల దగ్గర ఉంటుంది. మే నెల మధ్యాహ్నం పైముఖం 60 దాటినా, మందం మొత్తం మీద సగటున 50 అనుకుందాం. 30 డిగ్రీల తేడాకు స్లాబు 6 మిల్లీమీటర్లు సాగాలి. కింద నీడలో ఉన్న ఇటుక గోడకు అంత వేడి తగలదు, పైగా సాగే గుణమూ తక్కువ. అది ఒకటిన్నర మిల్లీమీటరు సాగితే ఎక్కువ. మిగిలిన నాలుగున్నర మిల్లీమీటర్లు రెండు చివరలకూ పంచుకుంటే ఒక్కో మూల దగ్గర రెండు మిల్లీమీటర్ల పైచిలుకు జరుగుడు. స్లాబును గోడకు సిమెంటు మాలుతో బిగించేశాక ఆ రెండు మిల్లీమీటర్లు ఎటు పోవాలి? గోడను చీల్చుకుని పోతాయి. పగుళ్లు బిల్డింగు నడుమ సన్నగా, చివరి గదుల్లో వెడల్పుగా ఉండేది ఇందుకే.

ఇక ఒత్తిడి. చదరపు మిల్లీమీటరుకు 25 న్యూటన్ల నొక్కుడును ఓర్చే ఎం25 రకం కాంక్రీటు అటూ ఇటూ కదలకుండా పూర్తిగా బిగిసిపోయి ఉంటే, ఒక్క డిగ్రీ చల్లబడినందుకు చదరపు మిల్లీమీటరుకు 0.25 న్యూటన్ల లాగుడు పుడుతుంది. కాంక్రీటు కట్టడాల భారత ప్రమాణమైన ఐఎస్ 456 సూత్రం ప్రకారం, వంపులో వచ్చే లాగుడును ఆ కాంక్రీటు 3.5 న్యూటన్ల దాకా తట్టుకుంటుంది. అంటే పద్నాలుగు డిగ్రీల చల్లదనానికే దాని ఓపిక అయిపోవాలి. అసలు కట్టడంలో బిగింపు పూర్తిగా ఉండదు, కాంక్రీటు కూడా కాలం గడిచేకొద్దీ కొంత సర్దుకుంటుంది కాబట్టి కొంత నయం. కానీ మన ఊళ్లలో పై స్లాబు ఒక పగలు, ఒక రాత్రిలోనే అంతకు మించిన తేడా చూస్తుంది.

ఈ లెక్కలో మందం ఎక్కడా రాలేదు, గమనించండి. "ఇంకో రెండు అంగుళాలు మందం వేద్దాం, పగలదు" అనే మాట సైట్లలో తరచూ వినిపిస్తుంది. మందం పెంచితే చదరపు మిల్లీమీటరు మీద పడే ఒత్తిడి తగ్గదు, మొత్తం బలం మాత్రం పెరుగుతుంది. అంటే గోడను ఇంకా గట్టిగా తోస్తుంది. రాడ్ల సంగతీ అంతే. ఉక్కూ కాంక్రీటూ వేడికి దాదాపు ఒకేలా సాగుతాయి కాబట్టే ఆర్‌సీసీ, అంటే రాడ్లు వేసిన కాంక్రీటు, నిలబడుతోంది. రాడ్లు ఎక్కువ వేస్తే ఒక పెద్ద పగులు బదులు సన్నటి నెర్రెలు నాలుగు వస్తాయి. అది మంచిదే. కానీ స్లాబు సాగడం మాత్రం ఆగదు.

వేడి బలం ఎంతటిదో మన కమ్మరులకు ఎప్పటినుంచో తెలుసు. ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా వేసేటప్పుడు పట్టాను చక్రం చుట్టుకొలత కంటే కావాలనే కాస్త చిన్నగా చేస్తారు. చుట్టూ పిడకలు పేర్చి ఎర్రబడేదాకా కాలుస్తారు. ఐదడుగుల చక్రానికి పట్టా చుట్టుకొలత సుమారు నాలుగు మీటర్ల డెబ్బై ఏడు సెంటీమీటర్లు. 400 డిగ్రీలు వేడెక్కినా చాలు, అది రెండు సెంటీమీటర్లకు పైగా పెరుగుతుంది. పటకార్లతో పట్టి చక్రానికి తొడిగి నీళ్లు కుమ్మరిస్తే, ముడుచుకుంటూ చెక్కలన్నిటినీ మేకు అక్కర్లేకుండా నొక్కి పట్టేస్తుంది. చక్రానికి పనికొచ్చిన ఆ బలమే మీ గోడను చీలుస్తోంది.

రైలు పట్టాల వాళ్లు ఈ బలాన్ని ఎంత లెక్కగా చూస్తారో తెలుసుకుంటే మనకు బుద్ధి వస్తుంది. మీటరుకు 60 కిలోలు తూగే పట్టా మొదట్లోలా ముక్కలుగా కాకుండా వెల్డింగు చేసి పొడవుగా వేసినప్పుడు, నడుమ భాగం కదలడానికి లేదు. ఒక్కో డిగ్రీ వేడికి ఆ పట్టాలో సుమారు 1.9 టన్నుల నొక్కుడు పుడుతుంది. 20 డిగ్రీలు పెరిగితే 38 టన్నులు. కంకర, స్లీపర్లు గట్టిగా పట్టుకోకపోతే పట్టా పాములా మెలి తిరుగుతుంది. అందుకే పట్టాను ఏ వేడి దగ్గర బిగించాలో ముందే నిర్ణయించి, ఆ వేడి దగ్గరే బిగిస్తారు. ఎండలు ముదిరితే గస్తీ పెంచుతారు. 2020లో ప్రారంభమైన కనకదుర్గ ఫ్లైఓవర్ మీద బండి వెళ్తుంటే చక్రాల కింద టక్కుమంటుంది చూడండి, అది వంతెనకు వదిలిన సందు. 40 మీటర్ల ఖానా (రెండు స్తంభాల మధ్య వంతెన భాగం) 40 డిగ్రీల తేడాకు సుమారు 16 మిల్లీమీటర్లు కదులుతుంది. దాని కింద బేరింగులు, పైన రబ్బరు సీలు పెట్టేది ఆ కదలిక కోసమే. మన నెత్తిమీది స్లాబుకు ఈ మర్యాద ఎందుకు దక్కదు?

ఇప్పుడు చేయాల్సిన పనులకు వద్దాం.

పిల్లర్లు, బీములు ఉన్న బిల్డింగులో పై అంతస్తు ఇటుక గోడను బీము అడుగుకు తన్ని కట్టకండి. చివరి వరస పైన 10 మిల్లీమీటర్ల సందు వదలండి. సెంట్రింగు తీసి, స్లాబు మీద వాటర్‌ప్రూఫింగు, టైల్స్ బరువు పడ్డాక, పనుల్లో వీలైనంత చివర్న ఆ సందులో మెత్తటి ఫోమ్ షీటు గానీ బలహీనమైన మాలు గానీ నింపండి. ప్లాస్టింగు గోడ మీద నుంచి బీము మీదికి ఏకంగా లాగేస్తే పగులు ఖాయం. రెండూ కలిసేచోట 10 మిల్లీమీటర్ల గ్రూవ్ (గాడి) కొట్టండి. పగులు వచ్చినా గ్రూవ్‌లోనే నీటుగా ఉంటుంది. గ్రూవ్ వద్దనుకుంటే 20 సెంటీమీటర్ల వెడల్పు చికెన్ మెష్ (సన్నటి తీగ వల) సగం బీము మీద, సగం గోడ మీద పడేలా మేకులతో బిగించి ఆ తర్వాత పూయండి. మెష్‌ను గోడకు అతికినట్టు కొట్టకండి, మాలులో మధ్యగా ఉండాలి.

పిల్లర్లు లేకుండా గోడల మీదే స్లాబు వేసే ఇళ్లు ఇంకా చాలా కడుతున్నారు. అక్కడ గోడ తలను సిమెంటు మాలుతో అద్దంలా నున్నగా చేసి, ఆరాక దానిమీద రెండు పొరలు తారు ఫెల్టు గానీ మందపాటి పాలిథీన్ షీటు గానీ పరిచి అప్పుడు స్లాబు పోయండి. ఇటుకల సందుల్లోకి కాంక్రీటు దిగి కరుచుకోకుండా ఉంటే స్లాబు జారుతుంది, గోడ బతుకుతుంది. గోడ కట్టే మాలు కూడా మరీ గట్టిగా అక్కర్లేదు. సిమెంటు ఒక పాలు, సున్నం ఒక పాలు, ఇసుక ఆరు పాళ్లు కలిపిన మాలు ఒకటికి మూడు సిమెంటు మాలు కంటే నయం. గట్టి మాలులో పగులు ఇటుకను కూడా చీల్చి ఒకేచోట వెడల్పుగా వస్తుంది. మెత్తటి మాలులో కదలిక అన్ని సందుల్లోకీ పంచుకుపోయి కంటికి కనిపించదు.

బిల్డింగు పొడవు 45 మీటర్లు దాటితే ఎక్స్‌పాన్షన్ జాయింటు (బిల్డింగు సాగడానికి వదిలే సందు) పెట్టాలని ఐఎస్ 456 చెబుతోంది. దాన్ని "45 లోపు అక్కర్లేదు" అని చదవకండి. ఎల్ ఆకారం, యూ ఆకారం ఉన్నచోట, రెండు రెక్కలు కలిసే మెడ దగ్గర తక్కువ పొడవుకే సందు కావాలి. సందు వదిలినవాళ్లు కూడా దాన్ని చంపేసే తీరు చూస్తే బాధేస్తుంది. 25 మిల్లీమీటర్ల సందులో సెంట్రింగు చెక్క ముక్కలు, మాలు ముద్దలు పడిపోతాయి, ఎవరూ తీయరు. స్లాబులో సందు ఉంటుంది, దానిమీద పిట్టగోడ మాత్రం ఏకంగా కట్టేస్తారు. టైల్స్ దాని మీదుగా పరిచేస్తారు. పునాది పైనుంచి పిట్టగోడ తల దాకా, ప్లాస్టింగు, ఫ్లోరింగు, టైల్స్ అన్నిటిలోనూ అదే గీతలో సందు సాగాలి. ఒక్కచోట మూసినా మొత్తం మూసినట్టే.

సందులో సీలెంటు (సందును మూసే, రబ్బరులా సాగే పదార్థం) వేసే పద్ధతి కూడా చెప్పాలి, ఎక్కువ తప్పులు ఇక్కడే. సందు కంటే పావు వంతు ఎక్కువ లావున్న ఫోమ్ తాడును ముందు లోపలికి దూర్చాలి. దానిమీద పాలీసల్ఫైడ్ సీలెంటు, సందు వెడల్పులో సగం లోతున మాత్రమే. 20 మిల్లీమీటర్ల సందుకు 10 మిల్లీమీటర్ల లోతు చాలు. సీలెంటు రెండు పక్కలకే అంటుకోవాలి. అడుగుకు కూడా అంటుకుంటే సాగలేక చిరుగుతుంది. తాడు పెట్టేది ఆ అడుగును విడదీయడానికే. లోతు ఎక్కువైతే గట్టిగా ఉంటుందనుకుని సందంతా సీలెంటుతో నింపేవాళ్లు డబ్బు పోసి చిరుగుడును కొనుక్కుంటున్నారు. పిట్టగోడకూ, పొడవాటి సన్‌షేడ్లకూ ఆరు మీటర్లకొక సందు పెట్టండి. అవి రెండు వైపులా ఎండకు ఎండి వానకు తడుస్తాయి, స్లాబు కంటే ముందు అవే పగులుతాయి.

స్లాబు పోసే వేళ. మే నెలలో మధ్యాహ్నం పన్నెండింటికి పోసిన కాంక్రీటు ఆ వేడి దగ్గరే గట్టిపడుతుంది. ఆ తర్వాత అది చూసేదంతా చల్లబడటమే, అంటే లాగుడే. రైలు పట్టాను ఏ వేడిలో బిగిస్తారన్నది ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం. ఎండాకాలపు కాంక్రీటు వేడి పోసేటప్పుడు 40 డిగ్రీలు దాటకూడదని మరో ప్రమాణం ఐఎస్ 7861 అంటోంది. కంకర మీద ముందురోజు రాత్రి నుంచి గోనెసంచులు కప్పి తడపండి. నీళ్ల ట్యాంకును నీడలో పెట్టండి, వీలుంటే ఐసు వేయండి. సాయంత్రం మొదలుపెట్టి రాత్రికి ముగించండి. క్యూరింగుకు, అంటే కాంక్రీటును తడిగా ఉంచడానికి, మడులు కట్టి పగలూ రాత్రీ నీళ్లు నిలపండి. మధ్యాహ్నం మడి ఎండిపోయి కాలుతున్న స్లాబు మీద మూడింటికి ఒక్కసారిగా బోరు నీళ్లు వదలడం మంచి కంటే చెడే ఎక్కువ చేస్తుంది. రోహిణి కార్తెలో రోలు మీద వాన పడ్డట్టే.

మీటరు మందం దాటిన రాఫ్టు పునాదుల్లో (బిల్డింగు కింద ఏకంగా పరిచే కాంక్రీటు పలక) వేడి ఎండ నుంచి రాదు, సిమెంటు లోంచే వస్తుంది. ఘనపు మీటరులో ప్రతి 100 కిలోల సిమెంటుకు నడిబొడ్డున 10 నుంచి 12 డిగ్రీలు పెరుగుతుంది. 35 డిగ్రీల దగ్గర పోసి, 400 కిలోల సిమెంటు వేస్తే లోపల 75 దాటుతుంది. లోపలి వేడి 70 మించకుండా, లోపలికీ పైముఖానికీ తేడా 20 మించకుండా చూడాలి. సిమెంటులో మూడో వంతు బదులు ఫ్లైయాష్ (బొగ్గు కాలాక మిగిలే బూడిద) వేయండి. పక్కనే ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం ఉండగా మనకు దానికి కరువు లేదు. ఇక్కడ మాత్రం పైన చల్లనీళ్లు పోసి చల్లార్చాలని చూడకండి. పైముఖం చల్లబడేకొద్దీ తేడా పెరిగి పగులుతుంది. పాలిథీన్, దానిమీద గోనెసంచులు లేదా థర్మోకోల్ కప్పి వెచ్చగా ఉంచి, వారం పది రోజుల్లో నెమ్మదిగా చల్లారనివ్వండి. పోసేముందే నడిమిలోనూ, పైముఖానికి రెండంగుళాల లోపలా వేడి కొలిచే తీగలు పెట్టుకుంటే అనుమానం ఉండదు.

డాబా మీద ఎండను అక్కడే ఆపడం అన్నిటికంటే చవకైన పని. అపార్ట్‌మెంట్ సంఘాల వారు ఇది ప్రత్యేకంగా చదవండి. పై అంతస్తు వాళ్లు వేడి తట్టుకోలేక గదిలో ఫాల్స్ సీలింగు వేసి, లోపల థర్మోకోల్ పరిచి ఏసీ పెడతారు. గది చల్లబడుతుంది. స్లాబు మాత్రం ఇంకా వేడెక్కుతుంది, ఎందుకంటే కిందికి పోయే వేడికి దారి మూసుకుపోయింది. కదలిక పెరుగుతుంది. వేడిని ఆపే పొర ఎప్పుడూ స్లాబు పైనే ఉండాలి. పాతకాలపు ఇళ్లలో డాబా మీద ఇటుక ముక్కలు, సున్నం కలిపి దిమ్మిస చేసిన మందపాటి గచ్చు ఉండేది, అది చేసిన పని ఇదే. ఇప్పుడు అంత ఓపిక లేకపోతే ఫిబ్రవరిలో డాబా కడిగి, ఆరాక తెల్ల సున్నం గానీ తెల్లటి కూల్‌రూఫ్ పెయింటు గానీ రెండు పూతలు వేయండి, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా. పైముఖం వేడి పది డిగ్రీల పైనే తగ్గుతుంది. దుమ్ము పట్టి నల్లబడుతుంది కాబట్టి ఏటా వేయాలి. సున్నం వానను ఆపదు, ఆ పని వేరే.

డాబా మీద టైల్స్‌ను సందు లేకుండా ఒకదానికొకటి తన్ని పరిస్తే మేలో గుడారంలా లేస్తాయి. టైలుకూ టైలుకూ మధ్య కనీసం 3 మిల్లీమీటర్ల స్పేసరు, ప్రతి మూడు నాలుగు మీటర్లకు రెండు వైపులా మెత్తటి సీలెంటు నింపిన సందు, పిట్టగోడ పక్కన మరో సందు ఉండాలి. కారుతున్న పగులు మీద నేరుగా వాటర్‌ప్రూఫ్ పూత పూయకండి. అక్కడ పూత సున్నా పొడవు నుంచి రెండు మిల్లీమీటర్లు సాగాలి, ఏ రబ్బరూ అలా సాగదు. పగులు మీద ముందు రెండంగుళాల వెడల్పు టేపు అంటించి, దాని మీదుగా పూత వేయండి. అప్పుడు ఆ రెండు మిల్లీమీటర్లూ రెండంగుళాల పూతకు పంచుకుంటాయి, పూత బతుకుతుంది.

పైపుల సంగతి క్లుప్తంగా. డాబా మీద ఎండలో 12 మీటర్లు పోయే సీపీవీసీ (ప్లాస్టిక్) పైపు 35 డిగ్రీల తేడాకు 27 మిల్లీమీటర్లు కదులుతుంది. అదే జీఐ (జింకు పూత ఇనుప) పైపు 5 మిల్లీమీటర్లే. పాత జీఐ అలవాటుతో ప్రతి మీటరుకూ క్లాంపు బిగిస్తే ట్యాంకు నిపులు (ట్యాంకుకు పైపు కలిపే ముక్క) దగ్గర గానీ ఎల్బో దగ్గర గానీ విరుగుతుంది. ఒక్కచోట గట్టిగా బిగించి, మిగతా క్లాంపులు వదులుగా పెట్టి, మధ్యలో యూ ఆకారపు మలుపు ఒకటి ఇవ్వండి. అల్యూమినియం కిటికీ 2.4 మీటర్లది రెండు మిల్లీమీటర్లు సాగుతుంది. దాని చుట్టూ సిమెంటు కూరకుండా ఐదారు మిల్లీమీటర్ల సందులో సిలికాన్ వేయండి. అద్దాల ముందుభాగాలున్న షాపుల్లో సాదా అద్దానికి నల్ల ఫిల్ము అంటించకండి. అద్దం నడిమి కాగి, చట్రంలో దాగిన అంచు చల్లగా ఉంటే, 40 డిగ్రీల తేడాకు అంచులో చదరపు మిల్లీమీటరుకు 25 న్యూటన్ల లాగుడు పుడుతుంది. అంచు నుంచి సరిగ్గా లంబంగా మొదలై తర్వాత వంకరపోయిన పగులు ఎవరో రాయి విసిరింది కాదు, ఎండ వేసింది. అక్కడ టఫెన్డ్ (వేడిచేసి గట్టిపరిచిన) అద్దమే వాడాలి.

గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలు కట్టేవాళ్లు కూడా మీలో ఉన్నారు. బయట 45, లోపల 10 డిగ్రీల లోపు. బయటి గోడనూ లోపలి ఫ్రేమునూ కలిపి బిగిస్తే ఒకటి సాగుతుంటే ఇంకొకటి ముడుచుకుంటుంది. రెంటినీ విడిగా నిలబెట్టి, మధ్యలో ఇన్సులేషన్ ఎక్కడా తెగకుండా తీసుకెళ్లండి. కొత్త గదిని మొదటిసారి చల్లబరిచేటప్పుడు సరుకు తొందరలో ఒక్క రాత్రిలో దించకండి, రోజుకు 5 డిగ్రీలకు మించవద్దు. గదిని చల్లబరిచే అమ్మోనియా వెళ్లే 50 మీటర్ల పైపు 35 నుంచి మైనస్ 10కి దిగితే 27 మిల్లీమీటర్లు ముడుచుకుంటుంది. మలుపు లేకుండా రెండు చివరలా బిగించిన పైపు వెల్డు దగ్గర విడితే బయటికొచ్చేది విషవాయువైన అమ్మోనియా అని మరవకండి.

ఇప్పటికే పగిలిన ఇళ్ల మాట. ప్రతి పగులూ ఎండ పగులు కాదు. మనది నల్లరేగడి నేల, వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంగుతుంది. నేల పగులు కింది అంతస్తులో, ప్లింతు (పునాది పీఠం) దగ్గర మొదలై పైకి పోతుంది, వానాకాలానికీ ఎండాకాలానికీ మారుతుంది. ఎండ పగులు పై అంతస్తులో, చివరి గదుల్లో, స్లాబు దగ్గర ఉంటుంది, ఒక్క రోజులోనే మారుతుంది. తేల్చుకోవడానికి పగులుకు అటొకటి ఇటొకటి సన్నటి మేకులు 100 మిల్లీమీటర్ల దూరంలో పాతండి. వెర్నియరుతో (మిల్లీమీటరులో భాగాలు కూడా కొలిచే సాధనం) ఉదయం ఆరింటికి ఒకసారి, సాయంత్రం నాలుగున్నరకు ఒకసారి కొలవండి. స్లాబు వేడి పతాకస్థాయికి చేరేది మిట్టమధ్యాహ్నం కాదు, ఆ వేళకే. మేలో ఒక వారం, ధనుర్మాసంలో ఒక వారం రాసుకోండి. ఉదయానికీ సాయంత్రానికీ తేడా కనిపిస్తే అది ఎండ పగులే. దాన్ని సిమెంటుతో గానీ ఎపాక్సీతో గానీ అతికించకండి, పక్కన మరో పగులు వస్తుంది. 10 మిల్లీమీటర్ల వెడల్పున గ్రూవ్ కోసి, తాడు పెట్టి, సాగే సీలెంటు వేయండి. వేసేది మేలో కాదు, అప్పుడు కదలిక ఒక కొసన ఉంటుంది. మరీ చలిలోనూ కాదు. నవంబరులోనో ఫిబ్రవరిలోనో ఉదయం తొమ్మిది, పది గంటల వేళ వేస్తే సీలెంటు అటు సాగడానికీ ఇటు నలగడానికీ సమానంగా చోటుంటుంది.

ఉదయం, సాయంత్రం కొలతల్లో తేడా లేకుండా పగులు నెలనెలా పెరుగుతూనే ఉంటే, ఆ కాగితం తీసుకుని ఆలస్యం చేయకుండా స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించండి.

ఇట్లు,
విజయవాడ, గుంటూరుల్లో పనిచేస్తున్న కొందరు స్ట్రక్చరల్ ఇంజినీర్లం